“ఎంతివ్వమంటారు?” అని అడిగినప్పుడు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి విషయం ఒకటే: చేసిన పనికి ఎంత అడగాలి, ఎలా అడగాలి, ఇవ్వకపోతే ఏం చేయాలి. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి ఈసారి పేజీలన్నీ దీనికే ఇస్తున్నాను. నేను విజయనగరంలో అక్షరాలు రాస్తూ, పుస్తకాలకు ముఖచిత్రాలూ లోపలి బొమ్మలూ వేస్తూ బతుకుతున్న మనిషిని. మా నాన్నగారు మూడు లాంతర్ల దగ్గర సైన్‌బోర్డులు రాసేవారు. కాబట్టి ఇక్కడి గిరాకీలు ఎలా మాట్లాడతాయో, బేరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నాకు ఇంట్లోనే తెలిసింది. చట్టం ప్రస్తావన వచ్చినచోట చట్టంలో ఉన్నదే రాశాను. మీ తగవు పెద్ద మొత్తం మీదైతే లాయరునో ఆడిటరునో కూడా ఒకసారి కలవండి.

*

మేడమ్, నాకు 24 ఏళ్లు. శ్రీకాకుళంలో ఇంట్లోనే ల్యాప్‌టాప్ పెట్టుకొని లోగోలు, శుభలేఖలు, షాపుల పోస్టర్లు చేస్తున్నాను. పని బాగానే వస్తోంది, చేతిలో మాత్రం ఏమీ మిగలడం లేదు. “ఎంతివ్వమంటావమ్మా?” అని అడగ్గానే నాకు నోరు పెగలదు. “మీ ఇష్టమండీ” అనేస్తాను. అయిదొందలు ఫోన్‌పే చేసి “రెండు గీతలే కదేటి” అంటారు. అసలు రేటు ఎలా కట్టుకోవాలి? చుట్టాల దగ్గర ఎలా తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

మా అమ్మాయి వయసుదానివి, నువ్వనే అంటాను. ముందు ఆ “మీ ఇష్టమండీ” మానెయ్యి తల్లీ. మన జిల్లాల్లో అది మర్యాద కింద చెలామణీ అవుతోంది. కానీ ఆ మాటతో నువ్వు ఎదుటి మనిషిని కూడా ఇరుకున పెడుతున్నావు. బట్టల కొట్టాయనకు చీర రేటు తెలుసు, గుమాస్తా జీతం తెలుసు, షాపు అద్దె తెలుసు. లోగో ఎంతవుతుందో ఆయనకెలా తెలుస్తుంది? తెలియని సరుకుకు ధర కట్టమంటే ఎవరైనా జేబుకు బరువనిపించని నోటే తీసి ఇస్తారు. ఆయన నిన్ను తక్కువ చేశాడనుకోకు. ధర చెప్పాల్సిన పని నీది, దాన్ని ఆయన మీదికి తోశావు.

ఇప్పుడు లెక్కకొద్దాం. కాగితం తీసుకో. నీ ఖర్చులకూ ఇంట్లో ఇవ్వాల్సినదానికీ కలిపి నెలకు 22,000 కావాలనుకుందాం. ల్యాప్‌టాప్ 60,000 పెట్టి కొన్నావు, 40 నెలలు పనిచేస్తుందనుకుంటే నెలకు 1,500. అది పాడయ్యే రోజుకు కొత్తదాని డబ్బు చేతిలో ఉండాలి కాబట్టి ఇది ఊహ ఖర్చు కాదు, నిజం ఖర్చే. సాఫ్ట్‌వేర్ చందా, ఇంటర్నెట్, కరెంటు, ఫోను, ప్రూఫు ప్రింట్లు 4,500. ఒంట్లో బాగోని రోజులకూ, పెళ్లిళ్లు లేని ఆషాఢానికీ మూఢానికీ దాచాల్సింది 4,000. అన్నీ కలిపితే 32,000.

తర్వాత రోజులు లెక్కపెట్టు. ఆదివారాలు పోను నెలకు 25, 26 రోజులు మిగులుతాయి. అన్నిటికీ డబ్బు రాదు. ఫోనులో వివరాలు కనుక్కోవడం, శాంపిళ్లు పంపడం, ప్రెస్సుకెళ్లి రంగు సరిచూడటం, బాకీలు అడగడం, కొత్త పని నేర్చుకోవడం వీటికే సగం రోజులు పోతాయి. నికరంగా కూర్చొని గీసేది 13 రోజులు. 32,000ను 13తో భాగిస్తే రోజుకు దాదాపు 2,500. లోగోకు మూడు రోజుల గీత పని ఉంటే 7,500. అంతకంటే తక్కువకు ఒప్పుకున్నావంటే ఆ గిరాకీ బోర్డుకు మీ అమ్మానాన్నలు ఎదురు డబ్బు కడుతున్నారన్నమాట. నీ అంకెలు వేరుగా ఉండొచ్చు, లెక్క మాత్రం ఇదే వరసలో చెయ్యి.

ఇది కింది గీత మాత్రమే. పైకి ఎంత వెళ్లాలో ఆ పని ఎక్కడ, ఎన్నాళ్లు వాడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. నరసన్నపేటలో టిఫిన్ సెంటర్ బోర్డుకు నువ్వు మూడు రోజులు కూర్చుంటావు. పలాసలో జీడిపప్పు వ్యాపారి ప్యాకెట్ మీద బొమ్మకూ మూడు రోజులే కూర్చోవచ్చు. మొదటిది ఒక వీధిలో ఉంటుంది. రెండోది లారీలెక్కి రాష్ట్రాలు దాటి, ప్రతి ప్యాకెట్‌తో పాటూ అమ్ముడవుతుంది. రెండింటికీ ఒకే ధర చెబితే టిఫిన్ సెంటర్‌కు ఎక్కువ, జీడిపప్పుకు తక్కువ చెప్పినట్టు. అందుకే అంకె నోటికి రాకముందే అడగాల్సినవి అడిగెయ్యి. బోర్డుకేనా, ప్యాకెట్ మీద కూడానా? ఈ ఊళ్లోనేనా, బయటికీ వెళ్తుందా? ఎన్ని నమూనాలు చూడాలనుకుంటున్నారు? ఎప్పటికి కావాలి? చివరికి “సరే” అనాల్సింది ఎవరు? ఈ ఆఖరి ప్రశ్న అస్సలు వదలకు. అన్నీ అయ్యాక విశాఖ నుంచి బావమరిది వచ్చి రంగు మార్చమనడం మన దగ్గర పరిపాటి. ఆయన ఉన్నాడని ముందే తెలిస్తే మొదటి నమూనా రోజునే ఆయన్నీ కూర్చోబెట్టమనవచ్చు.

వివరాలు తెలిశాక ఇలా చెప్పు: “7,500 అవుతుందండి. రెండు నమూనాలు చూపిస్తాను, మీరు ఎంచుకున్నదానికి రెండుసార్లు మార్పులు చేసిస్తాను. సగం ముందు ఇవ్వాలి.” అంతే. ఆ తర్వాత ఊరుకో. అవతలివాళ్లు ఇంకా ఆలోచనలో ఉండగానే “పోనీ అయిదు వేలివ్వండి” అని తగ్గించేది చాలాసార్లు మనమే. మొహం మీద చెప్పలేకపోతే “సాయంత్రానికి వివరంగా వాట్సాప్ చేస్తానండి” అని ఇంటికొచ్చి ఆ మూడు వాక్యాలే రాసి పంపు. అందులో చిన్నతనం ఏమీ లేదు. పైగా రాతలో ఉంటుంది. మా నాన్నగారు బోర్డు ఒప్పుకునేటప్పుడు టేపు పెట్టి కొలిచి, అడుగుకు ఇంత, నీడ అక్షరానికి అదనంగా ఇంత, ఇన్ని రంగులు అని చీటీ రాసి చేతికిచ్చాకే రంగు డబ్బా మూత తీసేవారు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయింది. ఆ చీటీ అలవాటు మాత్రం నాకు ఇప్పటికీ అన్నం పెడుతోంది.

“రెండు గీతలే కదేటి” అన్నవాళ్లతో వాదించకు. నీ నోటుపుస్తకం తెరిచి, ఆ రెండు గీతల దగ్గరికి రావడానికి ముందు వేసి కొట్టేసిన పేజీలు చూపించు. చాలామంది నిజంగానే ఆశ్చర్యపోతారు, తర్వాత గౌరవంగా మాట్లాడతారు. చూశాక కూడా అదే మాట అంటే ఆ పని వదిలెయ్యి.

చుట్టాల సంగతి నేను ఎప్పుడో తేల్చుకున్నాను. పిన్ని కూతురి పెళ్లికి శుభలేఖ చేస్తే అది నా చదివింపు. పూర్తిగా ఉచితం, ఆ మాట పైకే చెబుతాను. పిన్ని వాళ్లాయన వ్యాపారానికి పోస్టరు చేస్తే పూర్తి రేటు. మధ్యలో సగం రేటు జోలికి వెళ్లకు. డబ్బూ సరిగా రాదు, ఇచ్చామన్న తృప్తీ ఉండదు, పైగా ఇంకో చుట్టానికి అదే రేటై కూర్చుంటుంది.

*

మేడమ్ గారికి నమస్కారం. పెళ్లిళ్లకు ఫొటో, వీడియో తీస్తాను. 80,000 చెబితే “ఫలానా కుర్రాడు 45కే తీస్తానన్నాడు, ఏటి బాబూ నీ రేటు?” అంటున్నారు. తగ్గిస్తే కష్టం, తగ్గించకపోతే పని పోతుంది. పెళ్లయ్యాక మిగతా డబ్బు కోసం నెలల తరబడి తిరగాలి. ఆల్బమ్‌కి ఫొటోలు ఎంచి ఇవ్వమంటే వాళ్లకు తీరదు, ఆల్బమ్ అవ్వలేదని డబ్బు ఆపుతారు. ఇంకో సంగతి, నేను తీసిన ఒక పెళ్లికూతురి ఫొటోను నగల కొట్టువాళ్లు ఫ్లెక్సీలో వేసుకున్నారు. నన్ను అడగనే లేదు.
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

బాబూ, రేటు తగ్గించకండి, పని తగ్గించండి. ఈ ఒక్క పద్ధతి పట్టుకుంటే సగం ఇబ్బంది తీరుతుంది. 80,000లో ఏమేం ఉన్నాయో విడివిడిగా రాసుకోండి: రెండో కెమెరా, డ్రోన్, పెళ్లిరాట నుంచి రిసెప్షన్ దాకా అన్ని రోజులూ, ఎడిట్ చేసిన వీడియో, ఆల్బమ్. వాళ్లు 45 అన్నప్పుడు “45కి నా దగ్గర ఒక కెమెరా, ముహూర్తం రోజు మాత్రమే, ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో ఇస్తాను, ఆల్బమ్ ఉండదండి” అని చెప్పండి. ఇష్టమైతే తీసుకుంటారు. అదే 80 పనిని 45కి ఒప్పుకుంటే, మీరు మొదట చెప్పిన 80 అబద్ధమని వాళ్లకు అర్థమవుతుంది. గరివిడిలో మీరు తగ్గించిన సంగతి చీపురుపల్లికి మర్నాటికి తెలుస్తుంది. ఇక ప్రతి ఇంట్లోనూ బేరం 45 దగ్గరే మొదలవుతుంది.

ఆ కుర్రాడి గురించి మాత్రం ఒక్క మాట కూడా జారకండి. మీ పాత ఆల్బమ్ ఒకటి తెరిచి చూపించండి, చీకటి మండపంలో తలంబ్రాల ఫొటో ఎలా వచ్చిందో చూపించండి. ఫ్లాష్ ఎక్కడ పెట్టారో, రెండో మనిషి ఎక్కడ నిలబడ్డాడో చెప్పండి. పోలిక వాళ్లే వేసుకుంటారు.

డబ్బు వరస గురించి. పెళ్లి మర్నాడు పెళ్లివారింట్లో డబ్బు ఉండదు. వంటవాళ్లు, షామియానా, సన్నాయి మేళం, బస్సులు, పురోహితులు అందరూ ఆ ఉదయమే గుమ్మంలో ఉంటారు. వాళ్లెవరూ ఆగరు, ఫొటోగ్రాఫరు ఆగుతాడని వాళ్లకు తెలుసు, ఎందుకంటే ఆల్బమ్ ఇంకా మీ దగ్గరే ఉంది. కాబట్టి మీ అవసరం వాళ్లకు ఎక్కువగా ఉన్న రోజుకే ఎక్కువ భాగం చేతికి వచ్చేయాలి. తేదీ ఖాయం చేసుకునేటప్పుడు నాలుగో వంతు. అది తిరిగి ఇవ్వనని ముందే రాయండి. మన దగ్గర మంచి ముహూర్తాలు కొన్నే, అందరూ ఆ తేదీల మీదే పడతారు, వాళ్లు మానుకుంటే ఆ రోజు మీకు ఇంకెవరూ దొరకరు. పెళ్లిరాట రోజుకు సగం. ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేటప్పుడు మిగతా నాలుగో వంతు. ఆల్బమ్‌ను ఈ లెక్కలోంచి బయటికి తీసేయండి. దానికి విడిగా ధర, విడిగా అడ్వాన్సు. “45 రోజుల్లో ఫొటోలు ఎంచి ఇవ్వకపోతే నేనే ఎంచి ప్రింటుకు పంపిస్తాను” అన్న వాక్యం బుకింగ్ కాగితంలో ఉంటే వాళ్లకు ఎలాగో తీరిక దొరుకుతుంది.

ఇక నగల కొట్టు. ఇది మీకు నచ్చకపోవచ్చు, అయినా తెలుసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు మొదటి హక్కుదారు తీయించుకున్నవారే, వేరే ఒప్పందం రాసుకుని ఉంటే తప్ప. అంటే ఆ ఫొటో హక్కు పెళ్లివారిది. ముందు వాళ్లను అడగండి, కొట్టుకు వాళ్లే ఇచ్చారేమో. ఇవ్వకపోతే అభ్యంతరం చెప్పాల్సింది వాళ్లు, మీరు తోడుగా వెళ్లండి. అయితే తీసింది మీరేనన్న గుర్తింపు కోరే హక్కు అదే చట్టం 57వ సెక్షన్ కింద మీకు ఉంటుంది, ఫొటో హక్కు ఎవరిదైనా సరే. మీ పేరు వేయమని కొట్టువాళ్లను అడగండి.

ఇకమీదట బుకింగ్ కాగితంలోనే రాసుకోండి: ఫొటోల కాపీరైట్ మీ దగ్గర ఉంటుందని, ఇంట్లో చూసుకోవడానికీ అందరికీ పంచుకోవడానికీ వాళ్లకు పూర్తి అనుమతి ఉంటుందని, వ్యాపార ప్రకటనకైతే ఇద్దరూ ఒప్పుకోవాలని. మీ పేజీలో ఆ ఫొటోలు పెట్టుకోవడానికి వాళ్ల అనుమతి కూడా అక్కడే సంతకంతో తీసుకోండి. ఆడపిల్లల ముఖాలు కాబట్టి ఇది కాగితం కోసమే కాకుండా మనసులోంచి అడగాల్సిన అనుమతి.

*

అమ్మా, విజయనగరం సంగీత కళాశాలలో వీణ నేర్చుకున్నాను. ఇప్పుడు బొబ్బిలిలో ఉంటున్నాం. దసరా నవరాత్రులకు, ఉత్సవాలకు కచేరీకి పిలుస్తారు. “అమ్మవారి సేవ కదా తల్లీ” అంటారు. తాంబూలంలో ఎంతో పెట్టి ఇస్తారు, ఇంటికొచ్చి చూసుకుంటే గాని తెలియదు. మృదంగం వాయించే ఆయనకు నా చేతి డబ్బు ఇచ్చిన రోజులున్నాయి. కచేరీ మొత్తం కమిటీవాళ్లు యూట్యూబులో పెడతారు. భక్తి ఉన్నచోట డబ్బు మాట ఎత్తడం తప్పా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

తప్పు కాదమ్మా. మీరు చదువుకున్న కళాశాల సంగతే చూడండి. 1919లో విజయనగరం గజపతులు దాన్ని పెట్టి, ఆదిభట్ల నారాయణదాసు గారిని మొదటి ప్రిన్సిపాలుగా, ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని వయొలిన్ ఆచార్యులుగా నియమించారు. అంటే కొలువు ఇచ్చారు, సంగీతజ్ఞులు నెల తిరిగేసరికి ఇల్లు ఎలా గడుస్తుందోనని బెంగపడకుండా చూశారు. కళను పోషించడం అంటే మన ఊళ్లో వందేళ్ల కిందటే తెలిసిన అర్థం అది. మీ బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస మొద్దును తొలిచి వీణ చేసే వారి దగ్గరికి వెళ్లి “మీ ఇష్టం, తాంబూలంలో పెట్టిస్తాం” అని ఎవరూ అనరు. ధర కనుక్కొని కొంటారు. అదే వీణ మీ ఒళ్లోకి వచ్చాక దానికి విలువ ఎందుకు పోవాలి?

ఆ ఉత్సవ కమిటీ పందిరికి, మైకుకు, దీపాలకు, పువ్వులకు, భోజనాలకు ముందే రేటు మాట్లాడుకుంటుంది. అదీ అమ్మవారి పనే. మీ దగ్గర మాత్రం మాట్లాడకపోవడానికి కారణం మీరు ఎన్నడూ అడగకపోవడమే. పిలుపు వచ్చిన ఫోన్లోనే అడగండి: కచేరీ ఎంతసేపు, పక్క వాద్యాలు వాళ్లు ఏర్పాటు చేస్తారా మీరు తెచ్చుకోవాలా, రానుపోను బండి ఎవరిది, మైకు ఎవరు చూస్తారు. ఆ వరసలోనే “సంభావన ఎంత అనుకుంటున్నారండీ?” అని అడిగేయండి. విడిగా, గొంతు తగ్గించి అడిగితేనే అది ఇబ్బందిగా వినిపిస్తుంది. వాళ్లు అంకె చెప్పకపోతే మీరే చెప్పండి.

ఫలానా గుడికి మీరు సేవగానే వాయించాలనుకుంటే సంతోషంగా వాయించండి. ఆ నిర్ణయం మీదై ఉండాలి, ఏడాదికి ఏ గుళ్లకో మీరే ఎంచుకోవాలి. అక్కడ కూడా మృదంగం వారిది, ఘటం వారిది, ప్రయాణం ఖర్చుది ముందు తీసుకోండి. మీ భక్తికి వాళ్ల కూలి పోవడం న్యాయం కాదు. పెళ్లి రిసెప్షన్‌కో, కంపెనీ వార్షికోత్సవానికో పిలిస్తే పూర్తి పారితోషికం.

యూట్యూబు సంగతి కూడా ఆ ఫోన్లోనే తేలాలి. కచేరీని రికార్డు చేసి జనానికి అందించడానికి కళాకారుల అనుమతి కావాలని కాపీరైట్ చట్టం 38ఏ సెక్షన్‌లో ఉంది. మీకు అభ్యంతరం లేకపోతే పెట్టుకోమనండి, మీ పేరూ పక్క వాద్యాల వారి పేర్లూ వేయమనండి, వీడియో ఒక కాపీ తీసుకోండి. ప్రకటనలతో డబ్బు వచ్చే ఛానల్ అయితే సంభావన అంకెలో అది కలవాలి.

*

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. హైదరాబాద్ ప్రచురణకర్త ఒకరు 24 బొమ్మలకు 30,000 ఇస్తామని ఒప్పందం పంపారు. అందులో “సర్వహక్కులూ శాశ్వతంగా, ప్రపంచమంతటా” అని ఉంది. ఎక్కువ అడిగితే “మీది చిన్న ఊరు కదా, మీకు ఖర్చు తక్కువే కదా” అన్నారు. సంతకం పెట్టాలా?
– ఒక పాఠకుడు, పార్వతీపురం

ఇంకా పెట్టకండి. పార్వతీపురంలో ఇంటద్దె తక్కువే కావచ్చు. కానీ మీ బొమ్మలున్న పుస్తకాన్ని హైదరాబాద్‌లో, పార్వతీపురంలో రెండు ధరలకు అమ్మరు కదా! రంగులూ కాగితమూ మీకు తగ్గించి ఎవరూ ఇవ్వరు. ఆ మాటకు జవాబు మర్యాదగా ఇంతే: “నా రేటు బొమ్మకూ దాని వాడకానికీ అండి, ఊరికి కాదు.”

బొమ్మ వేయడం ఒకటి, దాన్ని వాడుకోవడానికి అనుమతి ఇవ్వడం ఇంకొకటి. ప్రచురణకర్తకు ఇప్పుడు నిజంగా కావాల్సింది తెలుగు అచ్చు పుస్తకం. ఈ-బుక్, ఇంగ్లిష్ లేదా ఒడియా అనువాదం, యానిమేషన్, పిల్లల సంచుల మీద బొమ్మలు ఇవన్నీ వేరు వేరు వాడకాలు, ఒక్కొక్కదానికీ ధర ఉంటుంది. “సర్వహక్కులూ” అన్న ఒక్క మాటతో అవన్నీ ఆ 30,000లో కలిసిపోతున్నాయి. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నాళ్లో రాయకపోతే 5 ఏళ్లుగా, ఎక్కడో రాయకపోతే భారతదేశం వరకుగా లెక్క. వాళ్లు “శాశ్వతంగా, ప్రపంచమంతటా” అని పనిగట్టుకొని రాయడం అందుకే. మీరు ఊరుకుంటే ఫొటోల గురించి పైన చెప్పిన 17వ సెక్షన్ డబ్బిచ్చి వేయించుకున్న చిత్రాలకూ వర్తిస్తుంది. కాబట్టి కాపీరైట్ చిత్రకారుడి దగ్గరే ఉంటుందన్న వాక్యం ఒప్పందంలో తప్పకుండా ఉండాలి.

ఇలా రాసి పంపండి: “30,000కు తెలుగు అచ్చు ప్రతి, 5 ఏళ్లు, భారతదేశంలో అమ్మకానికి అనుమతి ఇస్తాను. కాపీరైట్ నాదే. ఇతర భాషలకు, డిజిటల్‌కు వాడుకున్నప్పుడు విడిగా మాట్లాడుకుందాం. కాగితం మీది అసలు బొమ్మలు స్కాన్ అయ్యాక తిరిగి ఇవ్వాలి.” అన్ని హక్కులూ కావాల్సిందే అంటే, అప్పుడు అంకె మారాలి. ఎంతకు మారాలన్నది మీరు వదులుకుంటున్న వాడకాలన్నీ కాగితం మీద రాసి చూసుకుంటే మీకే తెలుస్తుంది. నా మటుకు నేను మూడింతలకు తక్కువ చెప్పను. చాలామంది ప్రచురణకర్తలు మీరు పంపే ఆ మొదటి షరతులకే ఒప్పుకుంటారు. వాళ్ల దగ్గర తయారుగా ఉన్న నమూనా ఒప్పందమే అందరికీ పంపుతారు, అడిగినవాళ్లకు మారుస్తారు.

*

విశాఖలో ఒక కంపెనీకి బ్రోషర్లు చేశాను. మొదటి బిల్లు 60,000కు 54,000 వేశారు. రెండో బిల్లు ఇచ్చి నాలుగు నెలలైంది, “ప్రాసెస్‌లో ఉంది” అంటున్నారు. జీఎస్టీ నంబరు లేదు కాబట్టి ఆలస్యమట.
– ఒక పాఠకుడు, టెక్కలి

ఆ 6,000 పోలేదు. వృత్తి ఫీజు కింద 10 శాతం టీడీఎస్, అంటే మీ తరఫున ప్రభుత్వానికి ముందే కట్టే పన్ను, కోసి ఉంటారు. మీ పాన్ మీద జమైందో లేదో ఆదాయపు పన్ను సైటులో చూసుకోండి. రిటర్ను వేస్తే, మీకు అంత పన్ను పడకపోతే, తిరిగి వస్తుంది. జమ కనిపించకపోతే వాళ్ల అకౌంట్స్ విభాగాన్ని గట్టిగా అడగండి.

జీఎస్టీ సాకు చెల్లదు. సేవలు మాత్రమే అందించేవారికి ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటనంతవరకు మామూలుగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. “జీఎస్టీ వర్తించదు” అని బిల్లు మీద రాసి ఇవ్వండి.

ఆలస్యానికి మందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు. ఆన్‌లైన్‌లో ఆధార్, పాన్‌లతో ఉచితంగా అవుతుంది, మధ్యవర్తులకు డబ్బులివ్వకండి. 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం చిన్న సంస్థలకు డబ్బు ఒప్పుకున్న తేదీకి ఇవ్వాలి, ఆ గడువు ఏ ఒప్పందంలోనైనా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు. అయితే నమోదు పని ఒప్పుకోకముందే ఉండాలి. తర్వాత చేయించుకుంటే పాత బిల్లుకు ఈ రక్షణ దొరకడం కష్టం. ఈ రెండో బిల్లుకు మీరు చేయాల్సింది ఈమెయిల్లో తేదీ అడగడం. ఫోన్లో ఎన్నిసార్లు అడిగినా గుర్తుండదు, రాతలో అడిగితే ఫైల్లో ఉంటుంది. మీకు పని ఇచ్చిన మేనేజరును వదిలి, బిల్లులు పాస్ చేసే మనిషి పేరు కనుక్కోండి. డబ్బు వచ్చేదాకా మూడో బ్రోషర్ మొదలుపెట్టకండి. చివరికి కోర్టుకు వెళ్లాల్సి వస్తే బాకీ దావాకు గడువు 3 ఏళ్లు.

*

ఒక స్కూలుకు ఆరేళ్లుగా ఒకే రేటుకు మ్యాగజైన్ డిజైన్ చేస్తున్నాను. కరస్పాండెంట్ గారు పెద్దాయన, నన్ను ఇంట్లో మనిషిలా చూస్తారు. పెంచమని అడిగితే బాధపడతారేమోనని భయం.
– ఒక పాఠకురాలు, సాలూరు

ఆయన ఆరేళ్లలో స్కూలు ఫీజు పెంచకుండా ఉన్నారా? పెంచి ఉంటే మీ మాట ఆయనకు కొత్తగా ఉండదు. పని చేతిలో ఉండగా అడగకండి, ఈ సంచిక అయ్యాక, వచ్చేదానికి చాలా ముందుగా చెప్పండి. క్షమాపణలు వద్దు, ఇంట్లో కష్టాలు వద్దు. ఇల్లు గడవక అడుగుతున్నారనిపిస్తే ఆయన సాయం చేస్తారు, రేటు పెంచరు. ఇలా రాసి పంపండి, మీ అంకెలు మార్చుకోండి:

“సార్, నమస్కారం. ఈ ఏడాది మ్యాగజైన్ మీకు నచ్చినందుకు చాలా సంతోషం. ఆరేళ్లుగా పేజీకి 150 చొప్పున చేస్తున్నాను. ఉగాది నుంచి నా రేటు పేజీకి 220. వచ్చే సంచికకు 64 పేజీలైతే 14,080 అవుతుంది. బడ్జెట్ ముందే ఖాయమై ఉంటే చెప్పండి, అందులో ఎన్ని పేజీలు వస్తాయో చూసి పంపిస్తాను.”